మూడు గ్లాసులు, ఒక ముక్కు

బుడగల వైన్‌కి ఏ గ్లాసు మంచిదో తేల్చి చెప్పమని మా మేనేజరమ్మ అడిగిన రోజున నేను చేయాల్సిన పని ఒక్కటే. నా ముక్కు పనిచేయడం లేదని ఒప్పుకోవడం. అది తప్ప మిగతావన్నీ చేశాను.

యాంగోన్, అంటే మన పెద్దవాళ్ళ రంగూన్, నడిబొడ్డున ఒక హోటల్లో ఇరవై ఎనిమిదేళ్ళుగా వైన్ కౌంటరు నాది. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి ఇక్కడి రేవులో బియ్యం బస్తాలు మోశాడు. మా నాన్న అదే రేవులో క్రేన్ నడిపాడు. వాళ్ళు వీపుతో, చేతులతో బతికితే నేను ముక్కుతో బతికాను. సీసా తెరిచి బిరడా ఒక్కసారి వాసన చూస్తే లోపలి సరుకు బాగుందో చెడిందో చెప్పేసేవాణ్ణి. చెడిన వైన్ తడిసిన అట్టపెట్టెలా వాసన వేస్తుంది. వంటింటి మాస్టర్లు కూడా చేప తాజాదా కాదా అని అనుమానం వస్తే పళ్ళెం పట్టుకుని నా దగ్గరికే వచ్చేవాళ్ళు. హోటల్లో చిన్నవాళ్ళంతా నన్ను ‘ఊలే’ అంటారు, బర్మీస్‌లో బాబాయ్ అని. ఆ పిలుపులో కాస్త భయం కూడా ఉండేది. నా కోపం అలాంటిది.

ఆక్సిజన్ సిలిండర్ల కోసం ఊరు ఊరంతా వానలో క్యూలు కట్టిన ఆ కోవిడ్ ఏడాది నాకూ జ్వరం వచ్చింది. పదిహేను రోజులు మంచం దిగలేదు. జ్వరం పోయింది, ఆయాసం పోయింది, వాటితో పాటు వాసనా పోయింది. కొన్నాళ్ళకు దానంతటదే తిరిగొస్తుందన్నాడు డాక్టరు. రోజూ పొద్దున్నే స్నానాలగది గడియ పెట్టుకుని సబ్బు ముక్కు దగ్గర పెట్టుకునేవాణ్ణి. సబ్బు చల్లగా తగిలేది, అంతే. నెలలు గడిచాయి, ఏళ్ళు గడిచాయి. కూరలో ఉప్పు తెలుస్తుంది, పులుపు తెలుస్తుంది, కారం తెలుస్తుంది. అది ఏ కూరో మాత్రం కళ్ళతో చూస్తే తప్ప తెలియదు.

ఆ డాక్టరుకి తప్ప ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకు కూడా చెప్పలేదు. మేముండేది ఊరి శివారున తాకేటా పేటలో. మా వీధివాళ్ళు ఇద్దరు మా హోటల్ లాండ్రీలోనే పనిచేస్తారు. మా ఆవిడ బాధపడుతూ వాళ్ళింటి ఆడవాళ్ళ దగ్గర ఒక్క మాట జారితే మర్నాటికి హోటలంతా తెలిసిపోతుంది. ఇది నాకు నేను చెప్పుకున్న కారణం. అసలు కారణం సిగ్గు. కళ్ళు పోయాయంటే జనం చెయ్యి పట్టుకుంటారు. వాసన పోయిందంటే నవ్వుతారు. అందులోనూ వాసనతో బతికేవాడికి పోయిందంటే మరీ నవ్వుతారు.

కౌంటరులో ఎలాగో నెట్టుకొచ్చాను. సీసా తెరవగానే బిరడా పక్కనున్న వెయిటర్ అమ్మాయి చేతికిచ్చి, ‘ఏం వాసనో చెప్పు చూద్దాం’ అనేవాణ్ణి. పాఠం చెబుతున్నాననుకునేది పాపం. ఆ పిల్ల ముఖం చిట్లిస్తే సీసా వెనక్కి వెళ్ళేది, లేకపోతే బల్ల మీదికి వెళ్ళేది. మిగతాదంతా జ్ఞాపకం. పచ్చి యాపిల్, కాల్చిన రొట్టె, నిమ్మతొక్క. సీసా మీది పేరు చూసి, బళ్ళో పిల్లాడు ఎక్కం అప్పజెప్పినట్టు అప్పజెప్పేవాణ్ణి. అతిథులు తలలూపేవాళ్ళు. నాలుగేళ్ళలో ఒక్కరు కూడా కాదనలేదు. దొరకనందుకు సంతోషించాలో, నా ముక్కు ఉన్నా లేకపోయినా ఎవరికీ తేడా తెలియనందుకు ఏడవాలో అర్థమయ్యేది కాదు.

మేనేజరమ్మ వచ్చి ఏడాది అయింది. సింగపూర్‌లో హోటల్ చదువు చదువుకుని వచ్చిన బర్మీస్ అమ్మాయి. నెమ్మదైన మనిషి, కానీ పని దగ్గర కళ్ళు గప్పడం కుదరదు. ఒక మంగళవారం నన్ను పిలిచి కూర్చోబెట్టింది.

‘ఊలే, మన గ్లాసుల్లో సగం అంచులు చిట్లిపోయాయి. కొత్తవి కొందాం. ఈసారి అందం చూసి కాదు, వాసన చూసి కొందాం. మూడు రకాలు ఒక్కోటి తెప్పించండి. శనివారం మధ్యాహ్నం ఒక సీసా తెరిచి మూడింట్లోనూ పోద్దాం. మీ ముక్కు ఏదంటే అదే.’

హోటల్లో సగం గదులు ఖాళీగా ఉంటున్న రోజులివి. వయసు మీరినవాళ్ళను ఒక్కొక్కరినీ మర్యాదగా దండ వేసి ఇంటికి పంపుతున్నారు. ముక్కు లేని వైన్ స్టివార్డుని, యాభై ఏడేళ్ళవాణ్ణి, ఎవరు ఉంచుకుంటారు? ఈ కౌంటరు పోతే ఈ ఊళ్ళో నాకు ఇంకో కౌంటరు లేదు. ‘అలాగే మేడమ్’ అని లేచి వచ్చాను.

గ్లాసుల సంగతి నాకు తెలియనిది కాదు. మొదటిది వెడల్పు మూతి గ్లాసు, కాడ మీద నిలబెట్టిన సాసరులా ఉంటుంది. సినిమాల్లో ఒకదాని మీద ఒకటి పేర్చి పై నుంచి పోస్తారే, అది. చూడ్డానికి బాగుంటుంది గానీ అందులో బుడగలు నిలవవు, వాసనా నిలవదు. నడిచేటప్పుడు వైన్ అతిథి చొక్కా మీదే ఎక్కువ పడుతుంది. రెండోది సన్నగా పొడుగ్గా ఉండే ఫ్లూట్. అడుగు నుంచి బుడగ బయల్దేరి పైదాకా దారం పేనినట్టు వస్తుంది. కళ్ళకు పండగ. కానీ ముక్కు పెట్టడానికి చోటుండదు, వాసన లోపలే ఉండిపోతుంది. మూడోది ట్యూలిప్. నడుము దగ్గర కాస్త లావు, మూతి దగ్గర మళ్ళీ సన్నం. బుడగకు ఎక్కడానికి ఎత్తూ ఉంటుంది, వాసనకు తిరగడానికి చోటూ ఉంటుంది. ముక్కున్న ఎవడైనా మూడోదే ఎంచుకుంటాడు.

ఆ సంగతి తెలిసే, నాలుగేళ్ళుగా నేను ఫ్లూట్ కోసం అందరితో పోట్లాడుతూ వచ్చాను. ‘బుడగలు కనపడని బుడగల వైన్ ఎందుకు?’ అని వాదించేవాణ్ణి. ఫ్లూట్‌లో పోస్తే నేను కళ్ళతో పని కానిచ్చుకోవచ్చు. చెవి దగ్గర పెట్టుకుంటే సన్నగా చిటపట కూడా వినిపిస్తుంది. కళ్ళూ చెవులూ ఉన్నవాడి గ్లాసు అది. హోటలుకి ఏది మంచిదని ఆలోచించడం ఎప్పుడో మానేశాను.

శుక్రవారం నాకు సెలవు. లమ్మడాలో గాజుసామాన్ల టోకు కొట్టుకి వెళ్ళి మూడు రకాలూ ఒక్కోటి తీసుకున్నాను. హోటల్లో గ్లాసులు కడిగే మిషన్లో ఒక ద్రవం వేస్తారు. అది గ్లాసుకు సన్నని పొరలా అంటుకుని బుడగల్ని చంపేస్తుంది. అందుకని వాటిని ఇంట్లోనే కడిగించి, శుభ్రంగా పట్టుకెళదామనుకున్నాను. పని తెలిసినవాడి జాగ్రత్త నన్ను ఎక్కడికి తీసుకెళుతుందో అప్పుడు తెలియదు. అట్టపెట్టె ఒళ్ళో పెట్టుకుని తాకేటా బస్సెక్కాను.

మా ఆవిడ పెట్టె తెరిచి ఒక్కో గ్లాసూ వెలుతురుకి పట్టి చూసింది.

‘ఏటండీ ఇవి, ఇలగున్నాయి? గాలొస్తే పడిపోయేటట్టున్నాయి.’

‘సబ్బెట్టకు’ అన్నాను. ‘సబ్బు తగిల్తే బుడగలు సచ్చిపోతాయి. ఏణ్ణీళ్ళతో మూడుమాట్లు కడిగి బోర్లించు. లోపల గుడ్డెట్టి తుడవకు.’

‘ఒట్టి నీళ్ళతోనా? మన బోరు నీళ్ళు ఇనప కంపు కొడతన్నాయి గదండీ. వారం అయినాది. మీకు తెల్దేటి?’

ఇలాంటి చోటే నాకు చెమటలు పడతాయి. ‘తెలుసులే. మరిగితే పోద్ది’ అన్నాను.

‘పోదు. పొద్దున్న ఆ నీళ్ళతోనే గదా టీ ఎట్టేను. ఏటీ అన్నేదు మరి?’

‘సెప్పిన పని సెయ్యవే’ అని అరిచాను. ‘రేపు ఆ గ్లాసుల మీదే ఉంది నా ఉద్యోగం. సరింగా సెయ్యి.’

కోపం నాకు బాగా పనికొచ్చింది ఆ నాలుగేళ్ళూ. ఎక్కడ దొరికిపోతానో అక్కడ గొంతు పెంచేవాణ్ణి. ఆమె గ్లాసులు తీసుకుని వెనక్కి వెళ్ళింది. నేను గోడకు చేరగిలబడి, మర్నాడు చెప్పాల్సిన మాటలు నెమరేసుకున్నాను. ఏ గ్లాసు దగ్గర ముక్కు ఎంతసేపు పెట్టాలి, ఎక్కడ కళ్ళు మూసుకోవాలి, ఎక్కడ కొంచెం ఆగి తల ఊపాలి, అన్నీ ముందే కుదుర్చుకున్నాను. సాయంత్రం కరెంటు పోయింది. వెనక నుంచి పొగ రావడం కనిపించింది. శుక్రవారం గదా, దేవుడి దగ్గర సాంబ్రాణి వేస్తోందనుకున్నాను. పొద్దున నేను లేచేసరికి గ్లాసులు పాత చీర ముక్కల్లో చుట్టి, పెట్టెలో సర్ది ఉన్నాయి.

శనివారం మధ్యాహ్నం భోజనాల రద్దీ అయ్యాక కిటికీ పక్క బల్ల మీద తెల్ల గుడ్డ పరిచారు. మేనేజరమ్మ నాకంటే ముందే వచ్చి కూర్చుంది. వెంట ఇద్దరు వెయిటర్ అమ్మాయిలు, నేర్చుకోవడానికి. గ్లాసులు బయటికి తీస్తే కొంచెం మసగ్గా కనిపించాయి. చెమ్మ అనుకుని పైపైన తుడిచాను. ఐసులోంచి సీసా తీసి, బిరడా మీద గుడ్డ వేసి, చప్పుడు కాకుండా తెరిచాను. ఆ పని ఇప్పటికీ నా అంత బాగా ఎవరూ చేయలేరు. గ్లాసు కొంచెం వంచి, సగం పోసి, నురగ దిగాక మిగతాది పోశాను. నురగ మామూలు కంటే తొందరగా దిగిపోయింది. ఫ్లూట్‌లో బుడగలు కూడా బద్ధకంగా ఎక్కాయి. మనసులో ఏదో గుచ్చుకుంది గానీ ఆగలేదు.

ముందుగా నేనే వెడల్పు గ్లాసు ఎత్తాను. పెదవి విరిచి దించాను. ఫ్లూట్ ఎత్తాను. ‘ఇందులో వాసన కాస్త బిగదీసుకుంటుంది, కానీ శుభ్రంగా ఉంటుంది. నిమ్మతొక్క’ అన్నాను. ట్యూలిప్ దగ్గర కళ్ళు మూసుకుని ఊపిరి లోపలికి లాగాను. ‘పచ్చి యాపిల్. వెనకాల కాల్చిన రొట్టె. కానీ మరీ విచ్చుకుపోతోంది, నాజూకు పోయింది. నేనైతే ఫ్లూటే తీసుకుంటాను.’

మేనేజరమ్మ ట్యూలిప్ అందుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. అలాగే ఉండిపోయింది. తర్వాత ఫ్లూట్, తర్వాత వెడల్పుది. ఒక గ్లాసు పక్కనున్న అమ్మాయికి ఇచ్చింది. ఆ పిల్ల వాసన చూసి కిసుక్కున నవ్వి, ‘ఊలే, ఇది కోవెల వాసన’ అంది. మేనేజరమ్మ చూసిన చూపుకి నవ్వు అక్కడే ఆగిపోయింది. వాళ్ళిద్దర్నీ వంటింట్లోకి పంపించేసింది.

‘ఊలే, ఈ ట్యూలిప్‌లో మీకు ఏం తెలిసిందో ఇంకోసారి చెప్పండి.’

పరీక్ష పెడుతోందనుకున్నాను. మొదటిసారి తక్కువ చెప్పానేమో అనుకుని, గ్లాసు మళ్ళీ ఎత్తి, ఈసారి ఇంకా వివరంగా చెప్పాను. యాపిల్ పక్కన కాస్త బేరిపండు ఉందన్నాను. రొట్టె మీద వెన్న రాసినట్టుందన్నాను. ఆఖర్న తెల్లపూల వాసన అన్నాను. నోరు అలా వాగుతూనే ఉంది. ఆమె ముఖంలో జాలి కనిపించాక గానీ ఆగలేదు.

‘ఇందులో వైన్ వాసన లేనే లేదు’ అంది నెమ్మదిగా. ‘మూడు గ్లాసుల్లోనూ ధూపం వాసన. బల్ల దాకా వస్తోంది. మీకు తెలియడం లేదు కదా?’

చేతిలో గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. నిన్నటి పొగ అప్పుడు అర్థమైంది. ఏదో ఒకటి చెప్పొచ్చు, జలుబు చేసిందనొచ్చు. నాలుగేళ్ళుగా అలాంటివి ఎన్నో సిద్ధంగా పెట్టుకున్నాను. ఒక్కటీ వాడకుండా గ్లాసు బల్ల మీద పెట్టేశాను.

‘ఎన్నాళ్ళయింది?’

‘కోవిడ్ నుంచి’ అన్నాను.

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. నాకు తిరిగి కోపం వచ్చేది, అది నాకు అలవాటైన దారి. ఆమె తిట్టలేదు. ‘చాలా కష్టపడ్డారు ఊలే’ అంది. ఎవరికీ చెప్పనంది. కౌంటరులో మాత్రం ఇక ఉంచలేనంది. సోమవారం నుంచి విందుల హాలు సామాను గది చూసుకోమంది, బల్లగుడ్డలూ గ్లాసులూ పింగాణీ. అదే జీతమంది. నేను తల ఊపాను. నన్ను అంత మర్యాదగా పక్కన పెడుతుంటే తల ఊపడం తప్ప ఏం చేయాలో తోచలేదు.

లేవబోతూ, ‘ఏ గ్లాసు కొనమంటారు?’ అని అడిగింది. ఎందుకడిగిందో తెలియదు. నా పరువు కాపాడడానికే అయి ఉంటుంది.

‘ట్యూలిప్’ అన్నాను. ‘ఫ్లూట్ నా కోసం చెప్పాను.’

బస్సులో మాత్రం కోపం వచ్చేసింది. ఎవరు చెయ్యమన్నారు దాన్ని? ఒట్టి నీళ్ళతో కడగమంటే సాంబ్రాణి ఎందుకు? ఇంటికి చేరేలోపు అనాల్సిన మాటలన్నీ వరసగా పేర్చుకున్నాను. ఇరవై ఎనిమిదేళ్ళ అన్నం మీద మన్ను కొట్టావే, అనేది మొదటి మాట.

గుమ్మంలోనే ఎదురొచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

‘ఆల్లకి నచ్చినాదా? కడిగినా ఇనప కంపు పోనేదండీ. మా యమ్మ నీళ్ళకుండకి సాంబ్రాణి పట్టేది, అలగే ఒక్కో గ్లాసూ పొగ మీద బోర్లించేను. మీరు వాసన సూసి ఏటైనా అంటారేటని పొద్దున్న కాసుకున్నాను. ఏటీ అన్నేదు. బాగున్నాదేమో అనుకున్నాను.’

పేర్చుకున్న మాటల్లో ఒక్కటీ పనికిరాలేదు. చెప్పులైనా విప్పకుండా గుమ్మంలో కూర్చుండిపోయాను.

‘నాకు వాసన తెల్దే’ అన్నాను. ‘జరం వచ్చినప్పుడు పోనాది. మళ్ళీ రానేదు.’

ఆమె నా పక్కన కూర్చుంది. ఉద్యోగం సంగతి చెప్పాను, సామాను గది సంగతి చెప్పాను. విన్నదో లేదో తెలియదు.

‘నాలుగేళ్ళు’ అంది చివరికి. ‘అన్నం మాడిపోతే మాటాడరు. పప్పు పులిసిపోతే మాటాడకుండా తినెల్లిపోతారు. సంపంగి పూలెట్టుకుంటే తలెత్తి సూడరు. నా మీద ఇట్టం పోనాదనుకున్నాను. ఎవుల్తో సెప్పుకోను? నాలుగేళ్ళు అలగే అనుకున్నాను.’

నా అబద్ధం ఉద్యోగం వరకే అనుకున్నాను ఇన్నాళ్ళూ.

కళ్ళు తుడుచుకుని లేచింది. ‘ఇలా రండి’ అని లోపలికి తీసుకెళ్ళి పీట మీద కూర్చోబెట్టింది. ‘కళ్ళు మూసుకోండి. నాను ఏటి ఎట్టేనో సెప్పండి.’ డాక్టరు చూసి వదిలేసిన ముక్కుని తను ఇంకోసారి చూడకుండా వదలదని అర్థమైంది. మూసుకున్నాను. వంటింట్లో డబ్బాల మూతలు తీస్తున్న చప్పుడు. మొదట ఏదో తెచ్చింది.

‘నేదు’ అన్నాను.

‘కర్పూరం’ అంది. మళ్ళీ వెళ్ళి వచ్చింది.

‘నేదు.’

‘ఇంగువ.’

తర్వాత దంచిన వెల్లుల్లి. తర్వాత ఙపి, ఈ ఊళ్ళో వీధి చివర ఎవరైనా మూత తీసినా ఇంట్లోకి వచ్చేసే చేపల ముద్ద. అదీ లేదు. ప్రతిసారీ దాని పేరు చెప్పేటప్పుడు ఆమె గొంతు కొంచెం తగ్గుతూ వచ్చింది. నాకు ఎలాగైనా ఒక్కదానికైనా అవునని చెప్పాలనిపించింది. అబద్ధమాడడం నాకు చేతకానిదేమీ కాదు. కానీ అప్పటిదాకా ఆడిన అబద్ధాలు చాలనిపించింది.

డబ్బాల చప్పుడు ఆగిపోయింది. ఆమె నడిచి వచ్చి నా ముందు కూర్చున్నట్టు తెలిసింది. ఎదురు చూశాను. ఎంతసేపటికీ ఏమీ అడగలేదు.

‘ఇంకా ఏటీ ఎట్టనేదు గదా’ అన్నాను.

కళ్ళు తెరిచాను. చేతులు రెండూ ఖాళీగా ఒళ్ళో పెట్టుకుని ఉంది. ఆమె చెంప నా ముక్కుకి అంగుళం దూరంలో ఉంది.

‘ఎట్టేను’ అంది.